కొలవని గట్టు

చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్ని గొలుసాయన అనే పిలిచేవి. వ్యవసాయ శాఖ ఆఫీసులో పొలాలు కొలిచే ఉద్యోగం ఆయనది. ఇన్ని ఎకరాలు సాగు చేస్తున్నానని రైతు దరఖాస్తు పెట్టుకుంటే, అవి నిజంగా ఉన్నాయో లేదో గట్ల వెంబడి నడిచి, కొలిచి, కింద సంతకం చెయ్యాలి. ఆ సంతకం చూశాకే సర్కారు ఎకరానికి ఇంత చొప్పున రైతు ఖాతాలో సబ్సిడీ వేస్తుంది. చేరిన కొత్తలో ఆయన చేతికిచ్చింది వంద లింకుల ఇనప గొలుసు. దాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే వచ్చే గలగలకి ముందు కుక్కలు మొరిగేవి, తర్వాత పొలాల్లో మనుషులు తలలెత్తేవారు. పదేళ్లకి గొలుసు పోయి టేపు వచ్చింది. పేరు మాత్రం పోలేదు.

మనిషి పొట్టి, బక్కపలుచన. కానీ అంగ వేశాడంటే సరిగ్గా రెండున్నర అడుగులు, వెంట్రుకవాసి తేడా ఉండదు. టేపు తియ్యకముందే పొలం చుట్టూ ఒకసారి నడిచి ఎంతుంటుందో మనసులో వేసుకునేవాడు. తర్వాత టేపు కూడా ఆయన మాటే చెప్పేది. ఈ అలవాటు పొలాలతో ఆగలేదు. "మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఈయన నన్ను సరిగ్గా చూశారో లేదో నాకిప్పటికీ అనుమానమే. మా ముందుగది పన్నెండుకి తొమ్మిదని మాత్రం మా నాన్నకి చెప్పారు," అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. ఆయనా నవ్వి, "తొమ్మిది కాదు, తొమ్మిదింపావు," అని దిద్దేవాడు.

పనిలో ఆయన రెండు పట్టింపులు పెట్టుకున్నాడు. ఒకటి, టేపు సున్నా కొస ఎప్పుడూ రైతు చేతిలోనే ఉండాలి. "మొదలు నీ దగ్గర, చివర నా దగ్గర. రేపు తేడా వస్తే ఇద్దరం కలిసి తిట్టించుకుందాం," అనేవాడు. రెండోది, కొలత పూర్తయ్యేదాకా ఆ పొలంలో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. టీ తాగాక కొలిస్తే టేపు సాగుతుందని ఆయన హాస్యం. ముప్ఫై మూడేళ్లలో ఆయన కొలత మీద ఫిర్యాదులు రాలేదని కాదు. వచ్చాయి. ఒక్కటీ నిలవలేదు. పైకి చెప్పుకోడు గానీ, ఆ సంగతి ఆయనకి లోలోపల గర్వంగా ఉండేది.

రిటైర్మెంటుకి ఇంక ఏడు నెలలుందనగా పైనుంచి ఒక జాబితా వచ్చింది. పొలాలన్నిటినీ శాటిలైట్ ఫొటోల్లో చూసి, రికార్డులో ఉన్న విస్తీర్ణంతో పోల్చారు. తేడా వచ్చిన ముప్ఫై ఆరుమందికి నోటీసులు వెళ్లాయి. చాలావరకు ఐదు సెంట్లు, ఎనిమిది సెంట్లు, గట్టు మీద చెట్ల నీడ అనుకోదగ్గవి. ఒక్క పేరు దగ్గర మాత్రం ఎర్ర గీత పడింది. రికార్డులో ఐదెకరాలు, ఫొటోలో నాలుగున్నర. అంత తేడా ఉంటే రూలు ప్రకారం అది పొరపాటు కాదు, అబద్ధపు దరఖాస్తు. ఆరేళ్లుగా తీసుకున్న ఎక్కువ సొమ్ము వెనక్కి కట్టాలి, దానిమీద జరిమానా, మూడేళ్లపాటు సబ్సిడీ బందు.

ఆ రైతు వాగు పక్కన ఉల్లి పండించే ఒక నడివయసు ఆవిడ. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. దుక్కి దగ్గర్నుంచి మార్కెట్లో బేరం దాకా అన్నీ ఆవిడే. నోరు మంచిది కాదని పేరుంది గానీ, ఆ నోరే లేకపోతే ఉల్లి వ్యాపారులు ఆవిడని ఎప్పుడో గోనెసంచిలో కట్టేసేవారు. అందరూ ఉల్లితోట ఆవిడ అనేవారు.

విచారణ ఆఫీసు మేడమీద గదిలో జరిగింది. బల్లకి ఒకవైపు మేడం, ఆ ఆఫీసుకి అధికారి, ముప్ఫై ఐదేళ్లు దాటని మనిషి. పక్కన గొలుసాయన. ఎదురుగా బెంచీ మీద ఉల్లితోట ఆవిడ, ఒళ్లో పాత కాగితాల సంచి. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడక గాలికి కొట్టుకుంటోంది.

"నాకు తెలిసింది నాకున్న పొలం అంతా ఉల్లి వేస్తానని," అంది ఆవిడ. "ఎకరాలు, సెంట్లు రాసింది నేను కాదు. వాగు పక్క గట్టుని ఎప్పుడో వరద కోసేసింది. మధ్యలో లోపలికి వచ్చేసింది. ఆ మాట ఈయనకి ఆరోజే చెప్పాను."

మేడం గొలుసాయన వైపు చూసింది.

"కోత ఉంటే కొలతలో వచ్చేది కదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా.

"ఎలా వస్తుందండీ? మీరు ఆ గట్టు కొలిస్తే కదా! మూడు వైపులు కొలిచారు. నాలుగోదానికొచ్చేసరికి ఫోనొచ్చింది. వెళ్లిపోయారు."

గొలుసాయన మొహం ఎర్రబడింది. "నేను కొలవకుండా రాయను. ముప్ఫై మూడేళ్లలో ఒక్కసారి కూడా రాయలేదు. కావాలంటే అడుగు, ఈ జిల్లాలో ఎవరినైనా అడుగు."

"జిల్లాని అడగడమెందుకు? సున్నా కొస పట్టుకుని నిలబడింది నేనేగా!"

మేడం ఫైలు తిప్పి చూపించింది. నాలుగు వైపులా తన ఎదుటే కొలిచారని రాసిన కాగితం, కింద ఆవిడ సంతకం. "ఇది మీదేనా?"

"నాదే. మొదలుపెట్టేముందే పెట్టించుకున్నారు, తర్వాత చేతులకి బురదవుతుందని."

అది నిజమే, అలా చేసేవాడు. అందరి దగ్గరా అలాగే చేసేవాడు. కానీ ఆ మాట అప్పుడు ఆయన నోట్లోంచి రాలేదు. ఆవిడ బెంచీ మీంచి లేచి, "ముప్ఫై మూడేళ్ల మాట ముందు నా మాటెంత లెండి. పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే మూడే," అని సంచి చంకలో పెట్టుకుని దిగి వెళ్లిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు చివరిమెట్టు దాకా వినిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆయన కోపం చల్లారలేదు. చొక్కా విప్పుతూ, కాళ్లు కడుక్కుంటూ, వంటింటి గుమ్మంలో నిలబడి భార్యకి మొత్తం చెప్పాడు. "ఫోనొచ్చిందట! నేను టేపు కింద పడేసి వెళ్లిపోయానట! గోరంత సంగతి ఉంటే కొండంత చేశారనుకోవచ్చు. అసలు లేనిదాన్ని పుట్టిస్తే ఏం చెప్పాలి?"

ఆవిడ కూరగాయలు తరుగుతూ వింటోంది. "ఎప్పటి మాట ఇది?"

"ఆరేళ్లయింది. ఫైల్లో తేదీ ఉంది, పదమూడో తారీకు. ఒంటిగంటకి కొలత పూర్తి అని నా చేత్తో రాసి ఉంది."

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. నెల ఏదని అడిగింది. ఆయన చెప్పాడు.

"ఏమండీ," అంది ఆవిడ. "అది నా కడుపు ఆపరేషన్ అయిన రోజు కదా."

ఆయన గుమ్మంలోంచి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు.

"పక్కింటి అక్కయ్య మీకు ఫోన్ చేసింది. పన్నెండింటికి నన్ను లోపలికి తీసుకెళ్లారు. తలుపు దాకా నా చెయ్యి పట్టుకుని నడిచారు మీరు. బూట్ల నిండా బురద. నేలంతా పాడుచేశారని నర్సు తిట్టింది కూడా, గుర్తులేదా?"

నర్సు తిట్టడం గుర్తుంది. తెల్లటి నేల మీద తన బూటు అచ్చులు గుర్తున్నాయి. ఆ తలుపు మీద ఎర్ర దీపం, దాని కింద మూడు గంటలు కూర్చున్న ఇనప కుర్చీ, డాక్టరు బయటికొచ్చి ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్న మాట, అన్నీ నిన్నటిలా ఉన్నాయి. ఆ రోజు అంతకుముందు తను ఎక్కడున్నాడో, ఆ బురద ఏ పొలానిదో మాత్రం ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకి తట్టలేదు. వాగు దగ్గర్నుంచి పట్నానికి బస్సులో గంట. ఒంటిగంటకి పొలంలో కొలత పూర్తిచేసినవాడు పన్నెండింటికి ఆస్పత్రిలో ఎలా ఉంటాడు?

మర్నాడు ఆఫీసు తలుపులు తీసీతియ్యగానే రికార్డు గదిలోకి వెళ్లాడు. ఫైలులోది తర్వాత తీరిగ్గా నింపే అచ్చు ఫారం. పొలంలో నిలబడి పెన్సిలుతో రాసుకునే ఫీల్డు బుక్కు వేరు. అట్ట మీద దుమ్ము తుడిచి, ఆ తేదీ దగ్గర తెరిచాడు. మొదటి వైపు, రెండో వైపు, మూడో వైపు. ప్రతి వందడుగులకి ఒక గుర్తు, గట్టు ఎక్కడ వంగితే అక్కడ అడ్డకొలత, కొట్టివేతలు, ఒకచోట బురద వేలిముద్ర. నాలుగో వైపు దగ్గర ఒక్కటే అంకె, ఐదువందల నలభై ఐదు. గుర్తుల్లేవు, అడ్డకొలతల్లేవు, మరక లేదు. అది పాత రికార్డులోని అంకె. పక్కన సన్నటి అక్షరాలతో తన చేతిరాతే: "మళ్లీ వెళ్లాలి."

వెళ్లలేదు. ఆ వారమంతా ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు. ఆ శనివారం దరఖాస్తులకి ఆఖరు తేదీ. ఒళ్లో అట్ట పెట్టుకుని ఆ నెల కాగితాలన్నీ అక్కడే పూర్తిచేసి, ఎవరిచేతో ఆఫీసుకి పంపించాడు. ఆయన రికార్డు గది నిచ్చెన మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఫైళ్లు తియ్యడానికొచ్చిన గుమాస్తా, ఒంట్లో బాగాలేదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఆ రోజు మేడం దగ్గరికి వెళ్లలేదు. తర్వాతి రోజూ వెళ్లలేదు. భయమేసింది, అది దాచడమెందుకు? ఏడు నెలలు ఓపిక పడితే పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. నోరు తెరిస్తే పెన్షను కాగితాల మీద ఏం రాస్తారో తెలీదు. పైగా ఆ పుస్తకం తెరిచి చూసేవాళ్లు తను తప్ప ఎవరూ లేరు. ఇంట్లో భార్య కూడా ఏమీ అడగలేదు. మూడో రోజు మాత్రం భోజనం దగ్గర, "నా మూలంగానే కదా ఇదంతా," అంది.

"నువ్వేం చేశావ్? నొప్పిని పిలిచి తెచ్చుకున్నావా?"

"ఆవిడ మటుకు ఏం చేసిందండీ?"

ఆయన సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున్నే టేపు, నాలుగు మేకులు సంచిలో వేసుకుని బస్సెక్కాడు. ఉల్లితోట ఆవిడ మడుల్లో కలుపు తీస్తోంది. ఆయన్ని చూసి నడుం ఎత్తింది గానీ పలకరించలేదు.

"ఆరోజు నువ్వు చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు. "నేను నాలుగో గట్టు కొలవలేదు. ఇప్పుడు కొలుద్దామని వచ్చాను. కొస పట్టుకుంటావా?"

"పట్టుకోను," అంది ఆవిడ. "పట్టుకోమన్నారు, పట్టుకున్నా. సంతకం పెట్టమన్నారు, పెట్టా. ఇంకా ఏం పట్టుకోవాలి? ఊళ్లో నా మొహం మీదే దొంగ ఎకరాల ఆవిడ అంటున్నారు. మా ఆయన ఫోన్లో ఏం చేశావే అని నన్నడుగుతున్నాడు. చేతులు కాలాయి. ఇప్పుడు మీరు ఆకులు పట్టుకొచ్చారు."

 తుప్పల్లోంచి దారి చేసుకుని వాగు గట్టు మూలకి వెళ్లి, రాయితో మేకు కొట్టడం మొదలుపెట్టాడు. రెండు దెబ్బలకి మట్టి పెళ్ల విరిగి, మేకుతో సహా నీళ్లలో పడింది. ఇంకోటి తీశాడు.

వెనకనుంచి కేక వినిపించింది. "అక్కడ కాదండీ! అక్కడ కింద అంతా డొల్ల. వాగులో పడితే మిమ్మల్ని తియ్యడానికి నాకు ఓపిక లేదు. ఇటు, ఈ రాయి పక్కన కొట్టండి."

కొట్టాడు. ఈసారి మేకు నిలిచింది. సున్నా కొసని దానికి తగిలించి, ఒక్కడే టేపు లాక్కుంటూ నడిచాడు. రెండు మూలలూ రాళ్ల బలంతో ఉన్నచోటే ఉన్నాయి. మధ్యలో మాత్రం వాగు విల్లులా పొలంలోకి తోసుకొచ్చింది. బాగా లోతున్న చోట అరవై అడుగులు పోయింది. తుప్పలు కప్పేయడంతో మడుల్లోంచి చూస్తే ఏమీ తెలీదు. ప్రతి పాతిక అడుగులకీ ఆగి, అడ్డకొలత వేసి, రాసుకున్నాడు. ముళ్లకి చొక్కా చిరిగింది. పని పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తి మీదుంది. లెక్క వేస్తే నాలుగెకరాల యాభై సెంట్లు, ఫొటోలో ఉన్నట్టే. ఆవిడ అప్పటికి తన కలుపు తాను తీసుకుంటూ అవతలి మడిలోకి వెళ్లిపోయింది. ఆయన వెళ్లొస్తానంటే చెయ్యి మాత్రం ఎత్తింది.

సోమవారం ఫీల్డు బుక్కు, కొత్త కొలత, రెండు పేజీల వివరణ మేడం బల్ల మీద పెట్టాడు. ఆవిడ మొత్తం చదివి, తలుపు దగ్గరగా వెయ్యమంది.

"సార్, ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. వరద వల్ల తర్వాత కోసుకుపోయిందని రాద్దాం. ఆవిడకి కొంత తగ్గుతుంది, మీ పేరూ రాదు."

"వరద నా కొలతకి రెండేళ్ల ముందొచ్చింది మేడం. తర్వాతొచ్చిందని రాస్తే ఇంకో కొలవని అంకె అవుతుంది."

"ఇది పైకి పంపితే మీమీద ఎంక్వయిరీ తప్పదు. తెలుసు కదా?"

"తెలుసు. పదకొండో రూలు కూడా తెలుసు. తప్పు రైతుది కాకుండా ఆఫీసుదైతే రైతు దగ్గర వసూలు లేదు. ఆ ఒక్క ముక్కా కింద రాయండి చాలు."

మేడం కలం మూత తీసింది, మళ్లీ పెట్టింది. తర్వాత అడిగింది. "ఆ రోజు ఆవిడ... మీ భార్యగారు... ఆపరేషన్ బాగానే జరిగిందా?"

"బాగానే జరిగింది మేడం. ఇప్పుడు ఇదంతా నాచేత చేయిస్తోంది ఆవిడే."

మేడం సంతకం పెట్టింది.

ఎంక్వయిరీ నాలుగు నెలలు సాగింది. ఆయన్ని పొలాలకి పంపడం మానేసి, కింద విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరు ఏ ఫారం నింపాలో చెప్పడం పని. కిటికీ దగ్గరికొచ్చిన రైతులు కొందరు ఆయన్ని చూసి మొహం పక్కకి తిప్పుకునేవారు. ఒకడైతే, "మా పొలం కూడా ఆస్పత్రిలోనే కొలిచారా?" అని గట్టిగా అడిగాడు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. పుండు మీద కారం చల్లినట్టయింది గానీ, ఆ మనిషికి ఆ మాట అడిగే హక్కుందనే ఆయనకి తోచింది. ఆపరేషన్ జరిగిన ఆ నెలలో ఆయన కొలిచిన మిగతా నలభై ఒక్క పొలాలనీ ఇద్దరు కొత్త ఉద్యోగులు మళ్లీ కొలిచారు. అన్నీ సరిపోయాయి. ఆ సంగతి చెప్పడానికి వాళ్లిద్దరూ పొలం నుంచి నేరుగా కిటికీ దగ్గరికే పరిగెత్తుకొచ్చారు. ఆయన విని, "మంచిది నాయనా," అని ఎదురుగా ఉన్న ముసలావిడ ఫారం వైపు తిరిగాడు. ఫారంలో ఒక గడి తప్పుగా నింపాడని ఆవిడే పట్టుకుంది.

చివరికి తీర్పు వచ్చింది. ఉల్లితోట ఆవిడ మీద వసూలు రద్దు, జరిమానా రద్దు, సబ్సిడీ బందు కూడా రద్దు. ఇకమీదట నాలుగున్నర ఎకరాలకే ఇస్తారు. గొలుసాయనకి ఒక ఇంక్రిమెంటు కోశారు, సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు రాశారు. పెన్షనులో నెలకి కొద్దిగా తగ్గుతుంది. రిటైరైన రోజు పూలదండ వేశారు గానీ, మాట్లాడినవాళ్లు మాటలు వెతుక్కున్నారు. మేడం ఒక్కతే తడబడకుండా, "ఈయన దగ్గర నేను ఒక పని నేర్చుకున్నాను. అది ఇంకా చెయ్యాల్సిన అవసరం రాలేదు. వస్తే చెయ్యగలనో లేదో తెలీదు," అంది. అర్థమైనవాళ్లకి అర్థమైంది. ఇంటికొచ్చాక భార్య దండని గుమ్మానికి తగిలించబోతే, మేకు రెండంగుళాలు ఎడమకి జరపమన్నాడు.

ఉల్లితోట ఆవిడ దగ్గర్నుంచి ఒక్క మాటా రాలేదు. రావాలని ఆయన అనుకోనూ లేదు. నాలుగు నెలలు దొంగ అనిపించుకున్న మనిషికి, ఆ మాట తప్పని కాగితం వచ్చినంత మాత్రాన నిద్ర తిరిగొస్తుందా?

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఉల్లితోట ఆవిడే. క్షేమసమాచారాలేమీ లేవు.

"మా తూర్పు గట్టు మీద పక్క పొలం ఆయనకీ నాకూ పేచీ. ఎవరితో కొలిపించినా రెండోవాళ్లు ఒప్పుకోవడం లేదు. నిన్న ఆయనే మీ పేరు చెప్పాడు. తనమీద తనే రాసిచ్చుకున్న మనిషి మనిద్దరికోసం అబద్ధం రాస్తాడా అన్నాడు. నేనూ సరేనన్నాను. వస్తారా?"

"వస్తానమ్మా."

"తేడా నా వైపు వచ్చినా సరే రాయండి. కానీ కొంచెం తిట్టుకుంటాను. ముందే చెప్తున్నా."

వెళ్లాడు. పక్క పొలం ఆయన ఒక కొస, ఉల్లితోట ఆవిడ ఒక కొస పట్టుకున్నారు. మధ్యలో ఈయన గట్టు మీద మోకాళ్ల మీద వంగి, అంకెలు పైకి చదివి ఇద్దరిచేతా ఔననిపించాడు. తేలింది ఏమిటంటే, ఉల్లి మడి ఒకటిన్నర అడుగు అవతలివాళ్ల పొలంలోకి వెళ్లింది. ఆవిడ అన్నమాట ప్రకారం తిట్టుకుంది. వాగుని తిట్టింది, దున్నినవాణ్ణి తిట్టింది, దున్నించింది తనే కాబట్టి తననీ కాస్త తిట్టుకుంది. ఆ తర్వాత తన చేత్తోనే హద్దు రాయి పెకలించి సరైనచోట పాతింది. పక్కాయన, ఉల్లి పీకేదాకా ఆ మడి జోలికి రానన్నాడు. అయితే అందులో పండింది సగం తనకివ్వాలన్నాడు. ఆవిడ, విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిదని మొదలుపెట్టింది.

గొలుసాయన టేపు గుడ్డతో తుడిచి, చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఆవిడ మాట మధ్యలో ఆపి, ఇంట్లో టీ పెట్టి ఉంది, తాగి వెళ్లమంది. రెండు గ్లాసులు తాగాడు. పంచదార బాగా ఎక్కువైంది. ఆయన బస్సు కోసం రోడ్డెక్కేసరికి వాళ్లిద్దరి వాదన ఎరువు దగ్గర్నుంచి నీళ్ల దాకా వచ్చింది.